‘ఏడాదే కదా, అన్నిటికీ సరే అను’: ఒక ఆన్‌సైట్ సలహాకు జవాబు

జర్మనీలోని క్లయింట్ ఆఫీసుకు డిప్యుటేషన్ మీద (దీన్నే ఆన్‌సైట్ అంటారు) వెళ్ళబోయే మన సాఫ్ట్‌వేర్ పిల్లలకు వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతూ ఉంటుంది. ‘ఉండేది ఏడాదో రెండేళ్ళో. క్లయింట్ ఏది అడిగినా సరే అను. అందరికంటే ఆలస్యంగా సీట్లోంచి లే. సెలవు అడక్కు. వాళ్ళు ఎలాగూ మనల్ని దగ్గరకు రానివ్వరు, నాలుగు డబ్బులు వెనకేసుకుని వచ్చెయ్’ అని దాని సారాంశం. మంచి ఉద్దేశంతోనే రాసి ఉంటారు. కానీ దీన్ని నమ్ముకుని వెళ్ళినవాళ్ళు ఎంత నలిగిపోతారో స్టుట్‌గార్ట్ ప్రాంతంలో పనిచేసిన రోజుల్లో దగ్గర్నుంచి చూశాను. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

‘ఏది అడిగినా సరే అను’

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే సలహా ఇదే. మన దగ్గర మేనేజర్ ‘గురువారానికి అయిపోతుందా?’ అంటే ‘ట్రై చేస్తాను సార్’ అంటాం. అందులో సగం అనుమానం ఉందని ఆయనకూ తెలుసు కాబట్టి బుధవారం ఇంకోసారి కనుక్కుంటాడు. అక్కడ ఆ రెండోసారి కనుక్కోవడం ఉండదు. గురువారం అన్నామంటే ప్లాన్‌లో గురువారం అని ఎక్కిపోతుంది, దాని వెనక ఇంకో నలుగురి పని కట్టేసి ఉంటుంది.

మా టీమ్‌లో ఒక కుర్రాడు ఇలాగే ఒక మాడ్యూల్ గురువారానికి ఇస్తానన్నాడు. అవదని సోమవారమే తెలిసిపోయింది. చెబితే చెడ్డపేరు వస్తుందని భయపడి, హైదరాబాద్ టీమ్‌ను రాత్రిళ్ళు కూర్చోబెట్టి లాక్కొచ్చాడు. గురువారం పొద్దున కోడ్‌ను పరీక్షించే టెస్ట్ బెంచ్ దగ్గర ఇద్దరు ఇంజనీర్లు సిద్ధంగా ఉన్నారు. ఆ స్లాట్ మాకివ్వడానికి ఇంకో టీమ్ తమ పని వాయిదా వేసుకుంది. కోడ్ మాత్రం రాలేదు. క్లయింట్ వైపు మేనేజర్ కేకలేమీ వేయలేదు. ‘సోమవారమే చెప్పి ఉంటే స్లాట్ మార్చేసేవాళ్ళం కదా, ఎందుకు చెప్పలేదు?’ అని అందరి ముందూ అడిగింది. ఆలస్యమైన పని మరుసటి వారం సర్దుకుంది. అతని మాట మీద నమ్మకం కుదురుకోవడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

అక్కడివాళ్ళు ‘నీ డిజైన్ ఇక్కడ తప్పు’ అని మీటింగ్‌లో మొహం మీదే అనేస్తారు. మొదట్లో ఇది మనకు గుచ్చుకుంటుంది. కానీ అదే మనిషి మధ్యాహ్నం మనల్ని వెంటబెట్టుకుని క్యాంటీన్‌కు వెళ్తాడు. ఆయన డిజైన్‌లో తప్పుంటే మనమూ అంతే సూటిగా చెప్పొచ్చు. కారణం అడుగుతాడు, వింటాడు. ‘ఇది కాదు, ఎందుకంటే ఇదీ’ అనగలిగినవాడికే అక్కడ విలువ ఎక్కువ.

‘అందరికంటే ఆలస్యంగా లే’

నాలుగింటికి బ్యాగు సర్దుకుని వెళ్ళిపోయేవాళ్ళను చూసి వాళ్ళకు పనంటే పట్టదనుకుంటారు మనవాళ్ళు. ఆ మనిషి పొద్దున ఏడింటికే వచ్చి కూర్చున్న సంగతి తొమ్మిదింటికి వచ్చినవాళ్ళకు కనిపించదు.

చట్టం మాటకొస్తే, 1994 నాటి పనివేళల చట్టం ప్రకారం రోజుకు 8 గంటలే పని. సగటు 8 దాటకుండా చూసుకుంటూ ఒక్కోరోజు 10 గంటల దాకా చేయొచ్చు. ఒకరోజు పని ముగిశాక 11 గంటల విరామం లేకుండా మళ్ళీ మొదలుపెట్టకూడదు. రాత్రి 11కి లాప్‌టాప్ మూస్తే మర్నాడు 10 దాకా తెరవకూడదన్నమాట. మన జీతం ఇండియా కంపెనీ ఇచ్చినా సరే, అక్కడున్నన్నాళ్ళూ ఈ గరిష్ఠ పనివేళలు, విరామం నిబంధనలు మనకూ వర్తిస్తాయి. విదేశాల నుంచి పంపిన ఉద్యోగుల కోసం విడిగా ఉన్న చట్టం ఆ మాట స్పష్టంగా చెబుతుంది. పనిగంటలు నమోదు చేసే బాధ్యత యజమానిదేనని 2022లో అక్కడి ఫెడరల్ లేబర్ కోర్టు కూడా తేల్చింది. కాబట్టి ఆలస్యంగా కూర్చునేవాణ్ణి చూసి క్లయింట్ మురిసిపోడు. ‘ఈ పనికి అంచనా తప్పిందా, మనుషులు చాలడం లేదా?’ అని ఆరా తీస్తాడు.

ఆ మెసేజ్ రాసినవాళ్ళకు గుర్తురాని మనుషులు ఇంకొందరున్నారు. జర్మనీలో సాయంత్రం 5 అంటే హైదరాబాద్‌లో వేసవిలో రాత్రి 8:30, చలికాలంలో 9:30. ఆన్‌సైట్‌లో ఒకడు మంచిపేరు కోసం రాత్రి పది దాకా కూర్చుంటే, ఇక్కడ మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో నలుగురు అర్ధరాత్రి దాటాక కూడా కాల్‌లో ఉంటారు. వాళ్ళలో పసిపిల్లల తల్లులుంటారు, పొద్దున్నే అమ్మానాన్నల్ని ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సినవాళ్ళుంటారు. అక్కడ అలవోకగా అనేసిన ‘సరే’ ఖర్చు వీళ్ళు కడుతున్నారు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే.

‘సెలవు అడక్కు’

వారానికి ఐదు రోజులు పనిచేసేవాళ్ళకు ఏడాదికి కనీసం 20 రోజుల జీతంతో కూడిన సెలవు అక్కడ చట్టం ఇచ్చిన హక్కు. చాలా కంపెనీలు 30 రోజుల దాకా ఇస్తాయి. ఏడాది మొదట్లోనే అందరూ తమ తేదీలు క్యాలెండర్‌లో పెట్టేస్తారు, ఎవరి బదులు ఎవరు చూసుకోవాలో కూడా రాసుకుంటారు. సంక్రాంతికి ఇంటికి రావాలనుంటే శరదృతువులోనే చెప్పేయాలి. చెప్పకుండా ఊరుకుని డిసెంబర్‌లో అడిగితేనే ఇబ్బంది.

‘వాళ్ళు దగ్గరకు రానివ్వరు’

తొందరగా కలవరు, ఆ మాట ఒప్పుకుంటాను. మొదటి రోజే జీతమెంత, పెళ్ళయిందా అని అడిగే అలవాటు వాళ్ళకు లేదు. కానీ దగ్గరయ్యే దారులు వాళ్ళకూ ఉన్నాయి. పుట్టినరోజున కేకు తెచ్చేది పుట్టినరోజు మనిషే. కిచెన్‌లో పెట్టి అందరికీ ఒక మెయిల్ పెడతారు, పావుగంట కబుర్లు నడుస్తాయి. మనవాళ్ళు చాలామంది ఆ మెయిల్ చూసి కూడా సీట్లోంచి కదలరు, మధ్యాహ్నం ఇంటినుంచి తెచ్చుకున్న డబ్బా డెస్కు దగ్గరే తినేస్తారు. పైగా ‘వాళ్ళే కలుపుకోరు’ అంటారు. మా టీమ్‌లో ఒకమ్మాయి తన పుట్టినరోజుకు కేకుతో పాటు అరిసెలు పెట్టింది. ఎలా చేస్తారని అడిగినవాళ్ళకు పాకం సంగతి బోర్డు మీద బొమ్మ గీసి చెప్పింది. తర్వాతి వారం నుంచి ఆమెను లంచ్‌కు పిలవకుండా ఎవరూ కిందకు దిగలేదు.

భాష అక్కర్లేదనేవాళ్ళు మీటింగుల గురించే ఆలోచిస్తున్నారు. మీటింగులు ఇంగ్లీషులో జరుగుతాయి, నిజమే. కాఫీ మెషిన్ దగ్గర మాటలు జర్మన్‌లోనే నడుస్తాయి. చాలా ఊళ్ళలో ఫోక్స్‌హోఖ్‌షూలే అనే వయోజన విద్యా కేంద్రాల్లో తక్కువ ఫీజుకు సాయంత్రం క్లాసులుంటాయి. ఏ1 అనే మొదటి స్థాయి వచ్చినా ఆ కబుర్లలో ఓ మాట కలపొచ్చు, డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ అడగొచ్చు.

విమానం ఎక్కేముందు డిప్యుటేషన్ లెటర్‌లో వారానికి పనిగంటలు ఎన్ని, సెలవులు ఎన్ని, జబ్బు చేస్తే ఎవరికి చెప్పాలి, హెల్త్ ఇన్సూరెన్స్ ఎవరిది అన్నవి రాసి ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే ఇక్కడుండగానే హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టి రాతపూర్వకంగా తెప్పించుకోండి.