పీరియడ్ గంట గారికి ఒక గెస్ట్ లెక్చరర్ విన్నపం

మహారాజశ్రీ పీరియడ్ గంట గారి సముఖానికి, బెంగళూరులో రెండు కళాశాలల్లో తెలుగు చెప్పుకుని బతికే గెస్ట్ లెక్చరర్ నమస్కరించి రాసుకునే విన్నపం.

మోగే వస్తువునూ, అరవై నిమిషాల కాలాన్నీ మన భాష గంట అనే పిలుస్తుంది. ఆ రెండు ఉద్యోగాలూ మీరే చేస్తున్నారు కాబట్టి నా ఫిర్యాదు కూడా మీకే. పొద్దున తొమ్మిదింటికి మల్లేశ్వరంలో మీరు మోగగానే నా కూలి మొదలవుతుంది, యాభై నిమిషాలకు మళ్లీ మోగగానే ముగుస్తుంది. అక్కడి నుంచి మేఖ్రీ సర్కిల్ దాటి, హెబ్బాళ ఫ్లైఓవర్ మీద బస్సులో నిలబడి, యలహంకలోని రెండో కళాశాలకు చేరడానికి పట్టే సమయం మీ లెక్కలో కాలమే కాదు.

మొన్న ఉత్పలమాల చెప్పాను. భ, ర, న, భ, భ, ర, వ గణాలు వరుసగా రావాలనీ, పదో అక్షరం దగ్గర యతి కుదరాలనీ చెప్పడానికి పది నిమిషాలు చాలు. కానీ కన్నడ మీడియంలో చదివి, ఇంట్లో తప్ప తెలుగు వాడని పిల్లలకు ఆ నడక చెవికెక్కించాలంటే, కన్నడంలో ఇదే నడకతో ఉన్న వృత్తాన్ని పక్కన పెట్టుకుని, తగిన పద్యాల కోసం ముందురోజు రాత్రి నాలుగు గంటలు వెతకవలసి వచ్చింది. తరువాత అరవై రెండు మంది తలా ఒక పాదం రాసి ఇచ్చారు. ఎవరి యతి ఎక్కడ జారిందో చూసి దిద్దేసరికి ఆదివారం చీకటిపడింది. ఇంతా చేసి క్లెయిమ్ ఫారంలో నేను రాయగలిగిన అంకె ఒకటి, దాని వెల 500 రూపాయలు.

మీ పక్షపాతం ఇక్కడే బయటపడుతుంది. ఢిల్లీలోని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం రెగ్యులర్ అధ్యాపకులకు వారానికి 40 గంటల పని, అందులో అసిస్టెంట్ ప్రొఫెసర్ తరగతిలో పాఠం చెప్పవలసినవి 16. చదువుకోవడం, దిద్దడం, సందేహాలు తీర్చడం వంటివన్నీ మిగిలిన 24 గంటల్లో, జీతం లోపలే జరుగుతాయి. పాఠానికి వెనక పని ఉంటుందని ఢిల్లీకి తెలుసన్నమాట! గెస్టుకూ అదే అర్హత కావాలన్నారు గాని, ఆ 24 గంటలను మాత్రం గుమ్మం బయటే వదిలి రమ్మన్నారు. 2019లో గెస్టు ఉపన్యాసానికి 1,500 రూపాయలనీ, నెలకు 50,000 మించకూడదనీ యూజీసీ చెప్పింది. భాగించి చూస్తే 34వ ఉపన్యాసానికి 500 రూపాయలే మిగులుతాయి, 35 నుంచి అంతా విద్యాదానమే. మా కళాశాలవారు నన్ను ఈ చిక్కులో పెట్టడం ఇష్టంలేక మొదటి ఉపన్యాసం నుంచే 500 ఇస్తున్నారు.

2022 జనవరిలో కర్ణాటక ప్రభుత్వం తన డిగ్రీ కళాశాలల గెస్ట్ లెక్చరర్ల గౌరవ వేతనాన్ని నెలకు 26,000, 32,000 రూపాయల మధ్యకు పెంచి, ఒక్కొక్కరు మునుపటికన్నా ఎక్కువగా, వారానికి 15 గంటలు చెప్పాలంది. ఉన్న గంటలే తక్కువమంది చేతుల్లోకి పోయాయి, పెంపు కోసం అరిచినవారిలో కొందరికి పని పోయింది.

అన్నట్టు, తిథి చెప్పకుండా వచ్చేవాడు అతిథి అంటారు. ఆ లెక్కన మా కళాశాలలో అతిథి నేను కాను, నా గౌరవ వేతనం. జూలైలో చెప్పిన పాఠాలకు అది దీపావళి దాటాక దర్శనమిచ్చింది. దసరా సెలవులకు మీరు మోగలేదు కనుక ఆ రోజులకు ఏమీ లేదు.

ఇన్విజిలేషన్‌కు మీరు మోగుతారు గాని ఫారంలో దానికి గడి లేదు. అది అడగడానికి వెళ్తే ప్రిన్సిపాల్ గారు కాఫీ ఇప్పించి, “మీరు మా కుటుంబ సభ్యులండీ” అన్నారు.

నాది చిన్న కోరిక. ఈ రాత్రి పదకొండింటికి, దిద్దవలసిన కాగితాల్లో నేను రెండో కట్ట విప్పేటప్పుడు, ఒక్కసారి మా ఇంట్లో మోగి చూడండి. పక్క వాటా వారికి నేను సంజాయిషీ చెప్పుకుంటాను.

ఇట్లు,
వచ్చే సెమిస్టర్ జాబితాలో పేరుంటే,
మీ విధేయుడు