డౌన్‌లోడ్స్ ఫోల్డరు గారికి ఒక ఉత్తరం

మహారాజరాజశ్రీ డౌన్‌లోడ్స్ ఫోల్డరు గారి దివ్య సముఖమునకు,

నమస్కారములు. ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం. తమరు క్షేమమే కాదు, రోజురోజుకీ ఒళ్ళు చేస్తున్నారని మొన్న ల్యాప్‌టాప్ చెప్పింది. డిస్కులో జాగా లేదు, ఏదన్నా తీసెయ్యమని ఎర్రగీత పెట్టి మరీ చెప్పింది. సరే తీసేద్దామని మీ గుమ్మం తొక్కాను. గంటన్నర తర్వాత బయటికొచ్చేసరికి తీసేసింది ఒక్కటే, 2019 నాటి కరెంటు బిల్లు. దాన్ని కూడా ఒకసారి చదివాకే తీశాను. మీ ఇంట్లో నేను మొదట్నుంచి చివరిదాకా చదివింది బహుశా అదొక్కటేనేమో.

పనిలో పని, లెక్క కట్టాను. మీ దగ్గర 4,312 పీడీఎఫ్‌లున్నాయి. వారానికొకటి చొప్పున చదివినా 83 ఏళ్ళు పడుతుంది. నాకిప్పుడు 51. మా వంశంలో ఎనభై దాటినవాళ్ళు ఇద్దరే, ఆ ఇద్దరికీ శుక్లాలు.

మీ మీద కోపంతో రాస్తున్నానని అనుకోకండి. మీరు నాకు చేసిన ఉపకారం ఇంకెవరూ చేయలేదు. చదవకుండానే చదివినవాడి సుఖం నాకిచ్చారు. పుస్తకం దిగుతున్నప్పుడు ఆ నీలం గీత నిండుతుంటే నా బుర్రే నిండుతున్నట్టుంటుంది. నూరు శాతం కాగానే లోపల్నుంచి ఒక త్రేన్పు వస్తుంది. కిరాణా సరుకులు తెచ్చి డబ్బాల్లో సర్దేసి, భోంచేసినవాడిలా చెయ్యి కడుక్కుని లేచిపోవడమన్నమాట. ఇరవై ఏళ్ళుగా ఇలాగే కడుక్కుంటున్నాను.

మీకు సరుకు పంపేది ఎక్కువగా మా పాత పుస్తకాల గ్రూపు. 240 మందిమి. తెల్లారుజామున అయిదింటికే ఎవరో ఒకాయన, "ఫలానా నిఘంటువు మొదటి సంపుటం ఎవరి దగ్గరైనా ఉందా?" అంటాడు. నాలుగు సెకన్లలో అది వచ్చి పడుతుంది. ఆయన రెండు చేతులూ జోడించిన బొమ్మ పెడతాడు. ఆయన వెనకాల 60 మంది జోడిస్తారు. మధ్యాహ్నానికల్లా ఇంకొకాయన అదే నిఘంటువు అడుగుతాడు. ఆ పుస్తకంలో మాటకి అర్థం చూసినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

మీ ఇంట్లో వాళ్ళ పేర్లు కూడా ఒకసారి చూసుకోండి. సగానికి పైగా 'ఇన్.ఎర్నెట్.డీఎల్ఐ.2015' అని మొదలై అంకెలతో ముగుస్తాయి. జైల్లో ఖైదీలకిచ్చే నంబర్లలా ఉంటాయి. తల్లిదండ్రులు పెట్టిన పేరేదో తలుపు తీస్తేగానీ తెలియదు. నేను తలుపు తీయను.

ఈ ఖైదీలు ఎక్కణ్ణించి వచ్చారో నాకు తెలుసు లెండి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్లకి మాటలు నేర్పి, 1994లో కంప్యూటర్ శాస్త్రంలో అతి పెద్ద బహుమతి ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారు, పది లక్షల పుస్తకాలు స్కాన్ చేసి లోకానికి ఉచితంగా ఇవ్వాలని తోటివారితో కలిసి పూనుకున్నారు. మన దేశంలో ఆ పనికి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా (డీఎల్ఐ) అని పేరు. మన ఊళ్ళ గ్రంథాలయాల్లో బీరువా అడుగున చెదలకి భోజనమవుతున్న పుస్తకాలు ఆ పుణ్యాన బతికి బయటపడ్డాయి. తమాషా ఏమిటంటే, అదే విశ్వవిద్యాలయంలో హెర్బర్ట్ సైమన్ అని ఇంకో పెద్దాయన ఉండేవాడు. సమాచారం తినేది మనిషి ధ్యాసని, అది ఎంత పోగైతే ధ్యాసకి అంత కరువొస్తుందని ఆయన రాసింది 1971లోనే అచ్చయింది. అప్పటికింకా మీరు పుట్టలేదు. ఒకే ప్రాంగణంలో ఒకాయన వరదొస్తుందని చెప్పాడు, ఇంకొకాయన కాలవ తవ్వాడు. ఇందులో రాజ్ రెడ్డి గారి తప్పు వీసమెత్తు లేదు. పుస్తకాలు తెచ్చిపెడతానన్నారు గానీ చదివిపెడతానని ఆయన ఎవరికీ మాటివ్వలేదు కదా.

అసలు నేను ఎలా చదువుతున్నానో మీకు తెలియాలి. 2006లో, జనం వెబ్‌పేజీలు ఎలా వాడతారో పరిశోధించే జేకబ్ నీల్సన్ బృందం 232 మందిని తెర ముందు కూర్చోబెట్టి వాళ్ళ కనుపాపలు ఎటు తిరుగుతున్నాయో కొలిచింది. పైన ఒక అడ్డగీత, కొంచెం కింద ఇంకో పొట్టి అడ్డగీత, ఆ తర్వాత ఎడమ అంచు పట్టుకుని సర్రున కిందికి. అచ్చం ఇంగ్లీషు ఎఫ్ అక్షరం. ఇది చదివి (ఇది మాత్రం పూర్తిగా చదివాను) నా మీద నేనే పరీక్ష పెట్టుకున్నాను. గజేంద్రమోక్షంలో 'ఎవ్వనిచే జనించు' పద్యం తెర మీద పెట్టి ఎడమ అంచు వెంట దిగాను. నాకు దక్కింది ఇంతే: ఎవ్వని, ఎవ్వని, ఎవ్వడు, ఎవ్వడు.

ప్రాస దక్కింది, పద్యం పోయింది. ఏనుగు ఎవరెవరంటూ అరుస్తూనే ఉంది, మొసలి లాగుతూనే ఉంది. 'శరణంబు వేడెదన్' అన్న మాట నాలుగో పాదం కొసన, కుడి అంచున ఉంది. నా చూపు అక్కడిదాకా పోతే కదా గజేంద్రుడికి మోక్షం!

మా తొమ్మిదో తరగతి తెలుగు మాస్టారు ఈ ఒక్క పద్యానికి రెండు రోజులు తీసుకున్నారు. మొదటి రోజు పద్యం నోటికి పట్టించారు, అంతే. రెండో రోజు, "వేడెదన్. ఎవరు రా వేడేది?" అని చివరి మాట దగ్గర మొదలెట్టి, ఒక్కొక్క మాటే వెనక్కి లాక్కుంటూ వచ్చారు. "వేడేది ఏమిటి? శరణం. ఎవణ్ణి? ఈశ్వరుణ్ణి. ఏ ఈశ్వరుణ్ణి?" 'డిందు' దగ్గర క్లాసంతా ఆగిపోయింది. జగమంతా ఎవరిలో అణగిపోతుందో అని ఆయన చెప్పి, అరచెయ్యి మెల్లగా ముడిచి చూపించారు. ముప్పై ఆరేళ్ళయింది. ఆ మాట కనిపిస్తే నాకు ఇప్పటికీ సుద్దముక్క అంటిన ఆ చెయ్యి ముడుచుకుంటుంది. ఆ లెక్కన మీ దగ్గరున్న 4,312లో ఎన్ని చేతులు ముడుచుకోకుండా పడున్నాయో.

తెర మీద చదవడానికి తెలుగు బొత్తిగా పనికిరాని భాష సుమండీ. మనకి క్రియ వాక్యం చివర కూర్చుంటుంది. వచ్చాడో రాలేదో, ఔనన్నాడో కాదన్నాడో తేల్చేది అదే. మొన్నామధ్య "ఈ కషాయం తాగితే షుగరు పూర్తిగా తగ్గిపోతుందన్న ప్రచారంలో నిజం" అన్నంతవరకు చదివి మా చిన్నాన్నకి ఫార్వర్డ్ చేశాను. కింది లైన్లో 'లేదు' అని ఉందట. పది రోజులు కషాయం తాగాక చిన్నాన్నే ఫోన్ చేసి చెప్పాడు. ఆయనకి 74. ఆయన ఇంకా కింది లైను చదివే కాలం మనిషి. కాకపోతే కాస్త ఆలస్యంగా చదివాడు.

మా మేనల్లుడైతే ఈ బాధంతా దేనికంటాడు. "ఏఐకి ఫైల్ పడెయ్ మావయ్యా, మూడు లైన్లలో చెప్పేస్తుంది." వాడి ముందే ఆ పద్యం పడేశాను. తడుముకోకుండా చెప్పింది: ఏనుగు దేవుణ్ణి ప్రార్థించింది. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. పెళ్ళికెళ్ళొచ్చినవాణ్ణి విశేషాలేమిటని అడిగితే "తాళి కట్టారు" అంటే, అదీ తప్పు కాదు మరి.

ఇక అసలు సంగతికొస్తాను. ఆ రాత్రి జాగా కోసం మీ ఇల్లు వెతుకుతూంటే ఒక ఖైదీ తలుపు పొరబాటున తెరుచుకుంది. ముఖపత్రం లేదు. రెండో పేజీలో గుండ్రటి గ్రంథాలయం ముద్ర, ఊరి పేరు అలికిపోయింది. గృహవైద్యం పుస్తకం. భాష చూస్తే స్వాతంత్ర్యానికి ముందుదే. 31వ పేజీలో స్కాన్ చేసిన అబ్బాయి బొటనవేలు, దానికి రబ్బరు తొడుగు. మూసేయబోయాను. ఆ వేలి పక్కన పెన్సిలుతో సన్నగా ఏదో గీసి ఉంది. పెద్దది చేసి చూశాను.

దగ్గుకి మిరియాల కషాయం. పక్కన పెన్సిలు: "చేసి చూచితిని. గుణము లేదు."

ఇక మూయలేకపోయాను. తేలుకాటుకి మంత్రం దగ్గర ఒకే మాట, "అబద్ధము". ఒంటి వేడికి సబ్జా గింజల దగ్గర, "అమ్మకు పనిచేసినది". వేపచెక్క తులమెత్తు అని గ్రంథకర్త అంటే, "తులము హెచ్చు. అరతులము చాలును" అని ఈయన. 88వ పేజీ మూలన, "రెండవ పర్యాయము". అంటే ఈ మహానుభావుడు గ్రంథాలయం పుస్తకాన్ని ఇంటికి పట్టుకెళ్ళి, ప్రతి వాక్యం క్రియదాకా చదివి, నూరి, కాచి, తాగి, ఇంటిల్లిపాదికీ తాగించి, తగ్గిందో లేదో చూసి, మళ్ళీ వచ్చి చదివాడు. అదీ సిరాతో కాదు, తర్వాతివాడు కావాలంటే చెరిపేసుకునేలా పెన్సిలుతో. గ్రూపులో అయితే ఈ పుస్తకానికి 60 దండాలు. ఈయన దగ్గర మాత్రం 'గుణము లేదు'. గ్రంథకర్త అదృష్టవంతుడండీ, ఇలాంటి ఒక్క శత్రువు దొరికితే చాలు.

మూడు రాత్రులు ఆయన వెంట నడిచాను. ఫోన్ అవతలి గదిలో పెట్టాను. మొదటి రాత్రి నాలుగుసార్లు లేచి వెళ్ళాను, అది వేరే సంగతి. మూడో రాత్రి 112వ పేజీకొచ్చాను. ప్రకరణం పేరు 'నిద్ర పట్టని వారికి'. అప్పుడు టైము ఒకటీ నలభై. గ్రంథకర్త నిద్రలేమికి కారణాలన్నీ తాపీగా చెప్పి, "రాత్రి శయనించుటకు ముందు" అని మొదలెట్టాడు. పేజీ అయిపోయింది. అడుగున పెన్సిలు: "ఇది మాత్రము నిజము. వెనుక చూడుడు."

వెనక చూశాను. 129వ పేజీ. చుండ్రు.

113 నుంచి 128 దాకా లేవు. సరిగ్గా పదహారు పేజీలు, ప్రెస్సువాళ్ళ లెక్కలో ఒక ఫారం. బైండింగు ఊడి రాలిపోయిందో, నిద్రపట్టని ఇంకెవరో చింపుకుని పోయారో. రాత్రి శయనించుటకు ముందు ఏం చెయ్యాలో తెలిసిన పెన్సిలాయన దాని వెనకాల ఏం రాశాడో. చీకట్లో కూర్చుని ఒక్కణ్ణే నవ్వుకుంటుంటే మా ఆవిడ లేచొచ్చి, "మళ్ళీ ఫోనా?" అంది. కాదని రుజువు చెయ్యడానికి చాలాసేపు పట్టింది.

తెల్లారి గ్రూపులో వెతికాను. ఈ ఫైలు అక్కడ రెండుసార్లు పెట్టారు. ఒకసారి నేనే పెట్టానట! "అమూల్య గ్రంథం, ప్రతి ఇంట్లో ఉండాల్సినది" అని కూడా రాశాను. సిగ్గు దిగమింగుకుని అడిగాను: "ఇందులో 113 నుంచి 128 పేజీలు లేవు. ఎవరి ప్రతిలోనైనా ఉన్నాయా?"

మూడు రోజులు ఎవరూ పలకలేదు. నాలుగు సెకన్లలో నిఘంటువు పడేసే గ్రూపు! 240 మంది ఇళ్ళల్లో ఉన్న పుస్తకంలో ఒక ఫారం లేదని 240 మందిలో ఒక్కడికీ తెలియదు. నాలుగో రోజు ఒకాయన దయతలచి ఫైలు పంపాడు. ఆత్రంగా తెరిచాను. 31వ పేజీలో అదే బొటనవేలు, అదే రబ్బరు తొడుగు.

కాబట్టి నేను మనవి చేసుకునేదేమంటే, మిమ్మల్ని ఇప్పట్లో ఖాళీ చెయ్యను, భయపడకండి. అంత వైరాగ్యం నాకు లేదు. ఈ ఉత్తరం రాస్తూండగానే రెండు ఫైళ్ళు మీకు పంపాను. ఆ పదహారు పేజీలు మాత్రం మీ లోపల ఇంకే నంబరు కిందైనా దాక్కుని ఉంటే దయచేసి కొంచెం పైకి నెట్టండి. ఎల్లుండి సెలవు పెట్టి, అలికిపోయిన ఆ ముద్రలో 'పాలెం' అని కనిపిస్తున్న ఊళ్ళు ఒకటి రెండు తిరిగొద్దామనుకుంటున్నాను. పాలెంలు చాలా ఉన్నాయని తెలుసు.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
4,312 గ్రంథములకు అధిపతి

తా.క. ఇప్పుడే ఇంకో జవాబు వచ్చింది. "ఆ పేజీలు దొరికితే గ్రూపులో పెట్టండి సార్, కలెక్షన్‌లో ఉంటుంది." కింద 41 దండాలు.