నేరమంతా ఆవకాయదే

మా గుండె డాక్టరుగారి ప్రకారం నా ఒంట్లో జరుగుతున్న సమస్త అరాచకానికీ కారణం ఆవకాయ. కాదనను. మా ఇంట్లో ఆ జాడీ వాలకం చూస్తే ఎవరికైనా అదే అనుమానం వస్తుంది, ఎర్రగా, అంచుల వెంట నూనె కారుతూ. పచ్చడి మానేసి రోజూ పొద్దున్నే 40 నిమిషాలు నడవమన్నారు. నడుస్తున్నాను. మా మియాపూర్‌లో నాకు నడవడానికి దక్కింది మెయిన్ రోడ్డే కాబట్టి మెట్రో పిల్లర్ల పక్కనుంచి, ఏదో ఒక బస్సు వదిలిన పొగ వెనకాలే వెళ్తుంటాను. ఇంటికొచ్చి ముక్కు తుడుచుకుంటే కర్చీఫు మీద కాటుక. చంటిపిల్లకి దిష్టిచుక్క పెట్టొచ్చు.

ఆ కనపడే నలుపు పాపం అమాయకురాలు, ముక్కులోనే ఆగిపోయింది. అసలు దొంగ పీఎం 2.5 అనే నలుసు. వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. ఊపిరితిత్తుల అడుగుదాకా దిగి, అందులో మరీ సన్నవి రక్తంలోకే దూరి, రక్తనాళాల లోపలి గోడని వాచేలా చేసి, అక్కడ ముందే పేరుకున్న కొవ్వుతో చేతులు కలుపుతాయి. ఓటీపీ అడిగేవాడు లేడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇవి ఏడాది సగటున ఘనపు మీటరు గాలికి 5 మైక్రోగ్రాములు మించకూడదంది. మన 2009 నాటి జాతీయ ప్రమాణం 40 దాకా ఫర్వాలేదంటుంది. అంటే భారతీయుడి గుండె ఎనిమిది రెట్లు దిట్టమని గెజిట్‌లోనే అచ్చేసి ఇచ్చారన్నమాట. ఇంత నమ్మకం నా మీద మా ఇంట్లోవాళ్లకి కూడా లేదు. ఆవకాయకి మాత్రం ఒక్క చెంచా సడలింపు లేదు.

ఇళ్లున్న చోట శబ్దం పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదని 2000లోనే రూల్స్ పెట్టారు. ఈ ముక్క మా వీధిలో బరాత్ డీజే అబ్బాయికి చెప్దామని వెళ్లాను, వాడికి వినపడితే కదా. మనం నిద్రపోయినా చెవి నిద్రపోదు. అర్ధరాత్రి హారన్ మోగితే మెలకువ రాకపోయినా గుండె వేగం, బీపీ పెరుగుతాయి. నేను హాయిగా గురక పెడుతుంటే నా గుండె నైట్ డ్యూటీ చేస్తోందన్నమాట, అదీ ఓటీ లేకుండా.

ఎండాకాలంలో ఒంటిని చల్లబరచడానికి రక్తాన్ని చర్మం దాకా తోయాలి, ఆ చాకిరీ కూడా గుండెదే. ఇదివరకు వీధి మొగలో వేపచెట్టు కాస్త చేయి వేసేది. పార్కింగ్‌కి అడ్డమని కొట్టేసి, అక్కడే పచ్చదనాన్ని కాపాడుకుందామని ఫ్లెక్సీ కట్టారు. దాని నీడలో ఇప్పుడు ఒక కుక్క పడుకుంటోంది, దానికి బీపీ ఉన్నట్టు లేదు.

నిన్న చెకప్‌కి వెళ్లాను. ఆసుపత్రి చుట్టూ 100 మీటర్ల దాకా నిశ్శబ్ద మండలమట, గేటు దగ్గర 'హారన్ మోగించరాదు' అని బోర్డు కూడా ఉంది. దాని కిందే ఒక ఆటో, ముందున్న కారుకి ఆ బోర్డు చదివి వినిపిస్తున్నట్టు, ఆపకుండా హారన్ కొడుతోంది. లోపల నా చేతికి పట్టీ బిగిసింది. నర్సు వెళ్లి కిటికీ మూసింది. 150/95.

డాక్టరుగారు కళ్లజోడు పైనుంచి చూస్తూ ఏదో అడిగారు. వినపడలేదు. "ఆఁ?" అన్నాను.

ఆయన గొంతు పెంచారు. "పచ్చడి మానలేదు కదూ?"