మూత్రపరీక్షలో కనిపించకపోతే హాని జరగనట్టేనా?

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్ఆర్ వెంకటాపురంలో జనం నిద్రలో ఉండగా ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం ట్యాంకు నుంచి స్టైరీన్ అనే ప్లాస్టిక్ తయారీ రసాయనం ఆవిరై ఊరిని కమ్మేసింది. 12 మంది చనిపోయారు, వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. ఇలాంటి ప్రమాదం నుంచి బయటపడ్డవారు ముందుగా అడిగేది, విషం ఇంకా ఒంట్లో ఉందా అని. లేదని తేలగానే కేసు ముగిసిందనుకోవడం మన వ్యవస్థకు అలవాటు. శరీరం పనిచేసే తీరు తెలిస్తే అలా అనుకోలేం.

అమ్మోనియా లాంటి వాయువు నీటిలో ఇట్టే కరుగుతుంది కాబట్టి చాలావరకు ముక్కు, గొంతు తడిలోనే చిక్కుకుంటుంది. స్టైరీన్ నీటిలో అంతగా కరగదు. అందుకే ఊపిరితిత్తుల లోతుకు దిగిపోతుంది. అక్కడి గాలి గదులన్నీ పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు. గాలికీ రక్తానికీ మధ్య ఉన్న పొర మందం ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపే. పీల్చిన స్టైరీన్‌లో సగానికి పైగా అలా రక్తంలో కలిసిపోతుంది. ప్రాణభయంతో పరిగెత్తే మనిషి, నిద్రలో ఉన్న మనిషికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ గాలి పీలుస్తాడు. పైగా ఆ ఆవిరి గాలికన్నా బరువు కావడంతో నేలబారుగా పేరుకుంటుంది. పరిగెత్తి పరిగెత్తి కుప్పకూలిన వాళ్లు అది దట్టంగా ఉన్నచోటే పడిపోతారు.

తర్వాత పని కాలేయానిది. స్టైరీన్‌ను బయటికి పంపాలంటే ముందు దాన్ని స్టైరీన్ ఆక్సైడ్‌గా మార్చాలి. ఇది అసలు స్టైరీన్ కన్నా చురుకైనది, డీఎన్ఏకు అంటుకోగలదు. ఓ ఎంజైమ్ (శరీరంలో రసాయన మార్పులు జరిపే ప్రోటీన్) దీన్ని విరగ్గొట్టాక, చివరికి చాలావరకు మాండెలిక్ ఆమ్లంగా మూత్రంలో పోతుంది. కొవ్వులో దాక్కున్నది కొన్ని రోజులు ఆలస్యంగా కదులుతుంది, అంతే. ఒకటి రెండు వారాలు దాటాక చేసిన మూత్రపరీక్షలో ఏమీ కనబడదు. ఈలోగా డీఎన్ఏకు ఏం జరిగిందో ఆ పరీక్ష చెప్పదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2018లో స్టైరీన్‌ను మనుషుల్లో బహుశా క్యాన్సర్ కారకంగా వర్గీకరించింది. అలాంటి జబ్బు బయటపడడానికి ఏళ్లు పడుతుంది.

కాబట్టి తొలి రెండు మూడు రోజుల్లోనే రక్తం, మూత్రం నమూనాలు తీసి భద్రపరచాలి. ఎవరు ఏ వీధిలో పడుకున్నారు, ఎంతసేపు పీల్చారు, స్పృహ తప్పారా అన్నది ఇంటింటికీ తిరిగి అదే వారంలో రాయాలి. రేపు ఎవరికైనా జబ్బు వస్తే, దాన్ని ఆ రాత్రితో ముడిపెట్టి చూపడానికి బాధితుల చేతిలో ఉండే ఆధారం ఈ కాగితాలే.