1977లో ‘దేశమంతా’ ఇందిరను ఓడించిందా?

1975లో ఎమర్జెన్సీ విధించిన రోజైన జూన్ 25 ఏటా రాగానే చేతులు మారే ఒక సందేశం ఉంది. 1977లో ఎమర్జెన్సీ ఎత్తివేశాక ఎన్నికలు జరిగాయనీ, కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా దేశమంతా ఒక్కటై ఇందిరాగాంధీని గద్దె దించిందనీ, ఆ తరువాత వచ్చిన జనతా ప్రభుత్వం, ఎమర్జెన్సీ కాలంలో ఇందిర ప్రభుత్వం తెచ్చిన 42వ రాజ్యాంగ సవరణను తుడిచిపెట్టిందనీ అందులో ఉంటుంది. ఈ మూడింటిలో ఏదీ ఉన్నదున్నట్టు నిలవదు.

ఎన్నికలు ఎమర్జెన్సీ అమలులో ఉండగానే జరిగాయి. జనవరి 18న ఇందిరాగాంధీ ఎన్నికలు ప్రకటించాక ప్రతిపక్ష నేతలు పలువురు విడుదలయ్యారు, పత్రికలపై సెన్సారు సడలింది, కానీ ఉత్తర్వు మాత్రం రద్దు కాలేదు. మార్చి 16 నుంచి 20 వరకు పోలింగు ముగిసి, తన ఓటమి ఖాయమయ్యాక, మార్చి 21న ఆమె మంత్రివర్గమే దాన్ని ఉపసంహరింపజేసింది. మొరార్జీ దేశాయ్ ప్రమాణం చేసింది మార్చి 24న. 1971 యుద్ధకాలం నుంచి విడిగా కొనసాగుతున్న మరో ఎమర్జెన్సీని రద్దు చేసినది కొత్త ప్రభుత్వం. బహుశా ఈ రెంటినీ కలిపేసుకోవడం వల్లనే గందరగోళం.

42వ సవరణ మాటకు వస్తే, 43, 44వ సవరణలు దానిలోని ప్రమాదకరమైన భాగాలను చాలావరకు తొలగించాయి. ఎమర్జెన్సీ విధించడానికి ‘అంతర్గత కల్లోలం’ అనే సాకుకు బదులు ‘సాయుధ తిరుగుబాటు’ వచ్చింది. 1975లో ఎమర్జెన్సీ ఉత్తర్వుపై రాష్ట్రపతి సంతకం పడ్డాక, మర్నాడు తెల్లవారి మంత్రివర్గం సమావేశమైంది కాబట్టి, ఇకపై మంత్రివర్గ నిర్ణయం లిఖితపూర్వకంగా ఉండాలన్నారు. అయినా పీఠికలోని ‘సామ్యవాద, లౌకిక’ పదాలు, ప్రాథమిక విధులు, విద్య ఉమ్మడి జాబితాలో (కేంద్రం, రాష్ట్రాలు రెండూ చట్టాలు చేయగల అంశాల్లో) ఉండడం నేటికీ అలాగే ఉన్నాయి. రాజ్యసభలో కాంగ్రెస్‌కు బలం ఉండడంతో జనతా ప్రతిపాదనల్లో కొన్ని అక్కడే వీగిపోయాయి.

అసలు పెద్ద పొరపాటు ‘దేశమంతా’ అన్న మాటలో ఉంది. ఉత్తరప్రదేశ్‌లోని 85, బీహార్‌లోని 54 స్థానాల్లో కాంగ్రెస్‌కు ఒక్కటీ దక్కలేదు. రాయ్‌బరేలీలో రాజ్ నారాయణ్ చేతిలో ప్రధానమంత్రే ఓడిపోయారు. అదే ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో కాంగ్రెస్ 41 గెలిచింది. మిగిలిన ఆ ఒక్కటీ నంద్యాల, అక్కడ జనతా అభ్యర్థిగా నెగ్గిన నీలం సంజీవరెడ్డి ఆ జూలైలోనే ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు. కర్ణాటకలో 28కి 26 కాంగ్రెస్‌వే. కేరళలో 20కి 20 ఆ పార్టీ కూటమివే. తమిళనాట కూడా అన్నాడీఎంకేతో కలిసిన కూటమిదే పైచేయి.

ఈ లెక్క చూపగానే ‘దక్షిణాదికి ఎమర్జెన్సీ సెగ తగలలేదు కదా’ అంటారు. ఇది సగమే నిజం. బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల దాష్టీకం ఉత్తరాదిలోనే ఎక్కువన్నది వాస్తవం, అక్కడి ఓటును తిప్పినవాటిలో అదొకటి. కానీ నక్సలైట్ ఉద్యమకారులు భూమయ్య, కిష్టాగౌడ్‌లను ముషీరాబాద్ జైలులో ఉరితీసింది 1975 డిసెంబరు 1న, ఎమర్జెన్సీలోనే. కేరళలో రాజన్ అనే ఇంజనీరింగ్ విద్యార్థి పోలీసు నిర్బంధంలో చనిపోయింది 1976లో. తమిళనాట డీఎంకే ప్రభుత్వం బర్తరఫ్ అయిందీ ఆ ఏడాదే. సెగ తగిలింది, కానీ ఊరూరా ఇంటింటికీ కాదు, అందుకే అది ఓటుగా మారలేదని నా అభిప్రాయం.

పత్రికలకు సంకెళ్లు ఉన్నందువల్ల దక్షిణాదివారికి సంగతి తెలియక అలా ఓటేశారనే వాదన ఇంకా బలహీనం. 1977 మేలో నియమితమైన షా కమిషన్ ముందు ఎమర్జెన్సీ అకృత్యాలు బహిరంగంగా విచారణకు వచ్చాయి, పత్రికలు వాటిని ధారాళంగా ప్రచురించాయి. అవన్నీ తెలిసిన తరువాత, 1978 ఫిబ్రవరిలో, కాంగ్రెస్ చీలిపోయి ఇందిర కొత్త పార్టీతో బరిలోకి దిగినప్పుడు, ఆంధ్రప్రదేశ్ ఓటర్లు 294 శాసనసభ స్థానాల్లో 175 ఆ పార్టీకే ఇచ్చారు. జనతాకు 60, ముఖ్యమంత్రి జలగం వెంగళరావు ఉన్న కాంగ్రెస్‌కు 30 దక్కాయి.