పచ్చకొమ్మ పెత్తనం

ఆకు అంచున తెలుపు ఉందని ముచ్చటపడి డాగ్‌వుడ్ అనే పూలచెట్టు మొక్క కొంటారు. నాటిన నెలకే ఆ తెలుపు చూసి, 'అయ్యో, పాలిపోయిందే' అని గుప్పెళ్లకొద్దీ ఎరువు వేస్తారు. పేరులో కుక్క ఉంది గానీ, ఇది కాపలా కాసే రకం కాదు. యజమాని ప్రేమ నుంచి దీన్నే కాపాడాలి.

చెరోకీ డేబ్రేక్ రకమైతే ఆకు నడుమ పచ్చ, అంచు మీగడ రంగు. చెరోకీ సన్‌సెట్‌కి అంచు పసుపు. ఆ అంచులో పత్రహరితం దాదాపు ఉండదు. అంటే ఆకులో నడిమి భాగం వండిపెడుతుంటే అంచు కూర్చుని తింటోందన్నమాట. మధ్యాహ్నపు ఎండకు ముందుగా మాడేదీ ఈ సోమరి అంచే. అది గోధుమరంగుకు తిరగ్గానే బక్కెట్లతో నీళ్లు గుమ్మరిస్తారు. వేళ్లా, పైపైనే ఉంటాయి. తడి ఆరకూడదు, నీరు నిలవనూకూడదు. దానికి కావలసింది పొద్దుటి ఎండ, మధ్యాహ్నం నీడ, మొదలుకి తగలకుండా చుట్టూ 5–8 సెంటీమీటర్ల ఆకుతుక్కు. మొదలు చుట్టూ పుట్టలా పోస్తే బెరడు కుళ్లుతుంది.

చలికాలంలో కత్తెర చేతికొస్తే ఇంకో ముచ్చట. కొమ్మ కొసల్లో చొక్కా బొత్తాల్లా గుండ్రంగా ఉన్నవేవో అందంగా లేవని కత్తిరించేస్తారు. వేసవిలోనే కట్టిన పూమొగ్గలవి! వసంతంలో పూలేవని చెట్టునే అడుగుతారు. కత్తిరింపు ఏదైనా ఉంటే పూలయ్యాకే.

అసలు ఘనకార్యం ఇంకా ఉంది. ఓ ఏడాది, నిలువెల్లా పచ్చగా ఒక కొమ్మ నిక్కుతుంది. 'హమ్మయ్య, కోలుకుంది' అని సంబరం. దానికి వెలుతురు అందాలని పక్కనున్న తెల్లంచు కొమ్మలు కొట్టేస్తారు. నిజానికి అది తెల్లంచు వదిలేసి పాత పచ్చరంగుకు తిరిగిపోయిన కొమ్మ. ఆకు ఆకంతా వండుకు తినేదే కనుక మిగతావాటిని దాటి పెరిగి, వదిలేస్తే చెట్టునే ఆక్రమిస్తుంది. కనబడిన రోజే పుట్టిన చోటికంటా కోసెయ్యాలి. మోడు మిగిలితే దాన్నుంచి మళ్లీ పచ్చచిగుళ్లే. అంటు కట్టిన చోటికి దిగువన లేచింది మాత్రం అడుగున వేళ్లిచ్చే వేరుమొక్క పిలక, దాన్నీ ఉంచకూడదు.

కొన్నేళ్లకు చుట్టాలొచ్చి అడుగుతారు: "ఆ తెల్లంచుల చెట్టేదీ?"

"ఇదేనండీ. జబ్బు నయమైపోయింది!"