వజ్రంలో కార్బన్-14 కనిపిస్తే వజ్రం వయసు తగ్గిపోదు

"కోట్ల ఏళ్ల నాటివంటున్న బొగ్గులోనూ వజ్రాల్లోనూ కార్బన్-14 దొరికింది. దాని అర్ధజీవిత కాలం 5,730 ఏళ్లే కాబట్టి అవి కొన్ని వేల ఏళ్ల నాటివే. ల్యాబులు దీన్ని బ్యాక్‌గ్రౌండ్ అని కొట్టేసి నిజం దాస్తున్నాయి." ఈ మాట తెగ షేర్ అవుతోంది. కార్బన్-14 అంటే కాలంతో తరిగిపోయే రేడియోధార్మిక కార్బన్, అది సగానికి తగ్గే సమయమే అర్ధజీవిత కాలం. నమూనాలో లేకున్నా కొలతలో కనిపించే కాస్త మొత్తమే బ్యాక్‌గ్రౌండ్. యంత్రం కాస్త కార్బన్-14 చూపిస్తుందన్నంత వరకు నిజమే. దాన్నుంచి లాగిన అర్థమే తప్పు.

"దొరికింది కాబట్టి అది వజ్రంలోనిదే." అక్కర్లేదు. యాక్సిలరేటర్ మాస్ స్పెక్ట్రోమెట్రీలో (పరమాణువులను బరువును బట్టి వేరుచేసి లెక్కపెట్టే పద్ధతిలో) వాడే నమూనా దాదాపు ఒక మిల్లీగ్రాము. దాన్ని కాల్చి కార్బన్ డయాక్సైడ్ చేసి, మళ్లీ గ్రాఫైటుగా మారుస్తారు. ఈ లోపు గాలి నుంచో రసాయనాల నుంచో ఒక్క మైక్రోగ్రాము కొత్త కార్బన్ అంటుకుందా, కార్బన్-14 బొత్తిగా లేని నమూనాకు కూడా సుమారు 55,500 ఏళ్ల వయసు వచ్చేస్తుంది.

అది లోపలిదో బయటిదో తేల్చే దారి ఉంది. నమూనాను చిన్నది చేస్తూ కొలవాలి. లోపలిదే అయితే మొత్తం కార్బన్‌లో కార్బన్-14 నిష్పత్తి మారదు. బయటిదైతే అంటుకునేది ఇంచుమించు అంతే ఉంటుంది, నమూనా మాత్రం తగ్గుతుంది, కాబట్టి వయసు పడిపోతూ వస్తుంది. ల్యాబుల్లో కనిపించేది ఈ రెండోదే. ఇక 2007లో టేలర్, సదన్ అనే శాస్త్రవేత్తలు వజ్రాలను కాల్చకుండా నేరుగా అయాన్ సోర్సులో (పరమాణువులకు విద్యుదావేశం ఇచ్చే యంత్ర భాగంలో) పెట్టి కొలిస్తే సుమారు 65 వేల నుంచి 80 వేల ఏళ్లు వచ్చాయి. యాభై వేల ఏళ్లకు సరిపడా కార్బన్-14 వజ్రంలోనే ఉంటే, కాల్చడం మానేయగానే అదెక్కడికి పోయినట్టు? మిగిలిన ఆ కాస్తకు ముఖ్య కారణం, అంతకుముందు కొలిచిన నమూనాల నుంచి సోర్సులో చిక్కుకుపోయిన కార్బన్.

"కార్బన్-14తో దాదాపు సమాన బరువుండే నైట్రోజన్‌ను చూసి యంత్రం పొరబడింది" అని దీనికి కొందరిచ్చే జవాబు కూడా సరికాదు. నైట్రోజన్‌కు నిలకడైన రుణ అయాన్ (రుణావేశమున్న పరమాణువు) ఏర్పడదు, సోర్సులోనే ఆగిపోతుంది. 1977లో ఈ పద్ధతి నిలదొక్కుకుందే ఆ గుణం వల్ల.

"బ్యాక్‌గ్రౌండ్ తీసేయడం మోసం." కార్బన్-14 లేని నమూనాలను అసలు నమూనాలతో పాటే, యంత్రంలో నమూనాలు అమర్చే అదే చక్రంలో పెట్టి కొలుస్తారు, ఫలితాలు అచ్చువేస్తారు. ఈ ప్రచారంలో తిరిగే సంఖ్యలు చాలావరకు అలా ల్యాబులే అచ్చువేసినవి. దాచడమంటే ఇదేనా?

"ఇంకా పెద్ద యాక్సిలరేటర్ వస్తే బొగ్గు వయసు తేలుతుంది." తేలదు. 200 కిలోవోల్టుల చిన్న యంత్రాలే ఇప్పుడు కార్బన్-14ను చక్కగా కొలుస్తున్నాయి. మెరుగు పడాల్సింది నమూనా తయారీలో, సోర్సు శుభ్రతలో. అక్కడ ఎంత మెరుగుపడ్డా పది లక్షల ఏళ్లు దాటిన నమూనాలో లెక్కపెట్టడానికి తొలినాటి కార్బన్-14 పరమాణువు ఒక్కటీ మిగలదు. అంత పాత కాలాలకు ఇదే పద్ధతిలో దాదాపు 13.9 లక్షల ఏళ్ల అర్ధజీవిత కాలమున్న బెరీలియం-10 వంటివి కొలుస్తారు.